అప్పన్న రేడియో మూగబోయిన మధ్యాహ్నం

అప్పన్న పోయిన పదోరోజున అతని రేడియో నోరు నేనే పంతం కొద్దీ నొక్కేశానన్నారు. అబద్ధం.

దెయ్యాలూ ఆత్మలూ నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్పన్నా నేనూ ఒకే షెడ్డు. రిటైరయ్యాక రోజూ ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో వాళ్ళ వరండాలో కూర్చునేవాళ్ళం. అతనికి షార్ట్‌వేవ్‌లో దూరదేశపు పాటలు కావాలి, నాకు మీడియం వేవ్‌లో వార్తలు కావాలి. రోజూ అదే తగువు. అతని భార్య నర్సమ్మ వదిన టీ ఇచ్చి ఇద్దర్నీ తిట్టేది.

పదోరోజున మావాళ్ళు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. పాట లేనిదే అప్పన్నకి ముద్ద దిగేది కాదని వదిన విస్తరి పక్కన రేడియో కూడా పెట్టించింది. స్టేషన్ పట్టింది నేనే.

ఎండ నడినెత్తిన ఉంది. కాకి గోడ మీద వాలింది. అంతలో పాట సన్నగిల్లి సన్నగిల్లి పూర్తిగా పోయింది. షార్ట్‌వేవ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పాను. ఒక్క గొంతూ లేదు, వట్టి బుస్సు. బ్యాటరీలు మార్చినా అంతే. సెట్టు బాగుందో లేదో చూద్దామని మీడియం వేవ్‌కి తిప్పితే దగ్గరి స్టేషన్ నిక్షేపంగా వార్తలు చదువుతోంది.

అదే నా కొంప ముంచింది. అప్పన్న మేనల్లుడు రాజు అందరి ముందూ అనేశాడు: "సచ్చిపోయినాక కూడా ఆయనతో పంతమేటి మావయ్యా?"

కాకి గోడ దిగలేదు. వదిన నా వైపు చూడలేదు.

నాకు తెలిసింది చెప్పాను. ఎంతో ఎత్తున పల్చటి గాలిపొర ఒకటి షార్ట్‌వేవ్‌ను కిందికి తిప్పి పంపుతుంది. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే దాని ఎక్స్‌రేలు ఆ పొర కిందున్న ఇంకో పొరను చిక్కబరుస్తాయి, పాట దారిలోనే ఇంకిపోతుంది. పగలున్న వైపే ఇలా జరుగుతుంది. దగ్గరి మీడియం వేవ్ నేల వెంటే వస్తుంది కాబట్టి దానికేమీ కాదు. అందరూ నవ్వారు. ఇక నేరం సూరీడి మీదకి తోసేశాడు దాదా అన్నారెవరో, బెంగాలీ వరసలో.

మళ్ళీ అప్పన్న స్టేషన్‌కే పెట్టి, దూరంగా వెళ్ళి చేతులు కట్టుకు కూర్చున్నాను. చాలాసేపటికి పాట తనంతట తానే తిరిగొచ్చింది. అదే క్షణాన కాకి దిగి ముద్ద తన్నుకుపోయింది. చూశారా, ఇతను జరిగాకే వచ్చింది అన్నారు. ఆ రోజు నుంచి వదిన ఇంట నా టీ ఆగిపోయింది.

వారం తిరక్కుండా విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో డ్యూటీ దిగి రాజు తిన్నగా మా ఇంటికొచ్చాడు. నా అబద్ధం పట్టుకుందామని ఫోన్‌లో వెతికాడట. ఆ మధ్యాహ్నమే సూర్యుడి మంటకి మన వైపు షార్ట్‌వేవ్ అంతా మూగబోయిందని రాసి ఉంది. వాణ్ణి తీసుకెళ్ళి వదిన వరండాలో నిలబెట్టి చదివించాను. ఇరుగుపొరుగుకి వినబడేలా ఇంకోసారి కూడా చదివించాను.

రేడియో సంగతి నిరూపించాను. వదిన టీ గ్లాసు నా చేతికిచ్చి అంది:

"మావోళ్ళు నోరు జారినారు మరిదీ, తప్పు మాదే. రేడియోని సూరీడే ఆపినాడు, ఒప్పుకున్నాను. మరి కాకినెవులు ఆపినారు? రేపు టీకొచ్చినప్పుడు అది సెప్పు."