సాయానికి లేచిన జెండా

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తర్వాతి ఎండాకాలంలో నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్లకు ప్రొడక్షన్ మేనేజర్‌గా పంపారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే యూనిట్ అది. బడులు తెరిచేలోపు చొక్కాలు అందకపోతే ఆ లైన్ మూసేస్తానని యజమాని ముందే చెప్పారు. లైన్ అంటే వరుసగా వేసిన మిషన్లు. ఒకరు కాలర్, పక్కవారు చేతులు, ఇలా చొక్కా చేతులు మారుతూ పూర్తవుతుంది. మూతపడితే అక్కడి ఆడవాళ్లందరి పని పోయినట్టే.

నేను ఉత్సాహంగా నిరంతర మెరుగుదల పద్ధతి మొదలుపెట్టాను. ప్రతి మిషన్‌కు చిన్న ఎర్రజెండా కట్టించాను. పని ఆగితే జెండా ఎత్తాలి. సూపర్‌వైజర్‌తో కలిసి నేను వెళ్లి, కారణం వెతికి, ఆ పూటే సరిచేయాలి. కానీ ఒక్క జెండా లేస్తే ఒట్టు! సాయంత్రానికి మాత్రం చొక్కాలు తక్కువే వచ్చేవి.

ఒకరోజు చేతులు కుట్టే రజియా తన మిషన్ ఆపి, కాలర్లు కుట్టే లక్ష్మి దగ్గరికి వెళ్లడం చూశాను. లక్ష్మి జెండా ఎందుకు ఎత్తలేదని రజియాను అడిగాను.

“జెండా లేపితే అక్కకు పని రాదని అందరి ముంగట చెప్పినట్టే గద సార్. గందుకే అక్క పని ఆగంగనే నేనే లేచి పోతున్న.”

నా బుర్రలో దీపం వెలిగింది. మర్నాడు నియమం తిరగేశాను. పని ఆగినవాళ్లు కాదు, సాయానికి లేచినవాళ్లు తమ మిషన్ మీద జెండా ఎత్తాలి. ఇక చూడాలి, జెండాలే జెండాలు! ఎక్కువగా లేచింది లక్ష్మి పక్కనే. చొక్కాలన్నీ తెల్లబట్టవే కావడంతో, కటింగ్ టేబుల్ నుంచి వచ్చిన కాలర్లలో సైజులు కలిసిపోతున్నాయి. ఆమె ఒక్కోటీ టేపుతో కొలిచి ఏరుకుంటోంది. నిక్కర్లు, లంగాలు కత్తిరించగా మిగిలి, వ్యర్థంగా పారేసే రంగు పీలికలతో సైజుకో రంగు చొప్పున కట్టలు కట్టించాం.

కొండను తవ్వి ఎలుకను పట్టారని యజమాని నవ్వారు. లక్ష్మి మాత్రం, “గీ పీలికల కోసమేనా సార్, గిన్నొద్దులు గోస పడ్డది?” అంది. అప్పటి నుంచి రోజుకొకరు కొత్త ఉపాయంతో నా బల్ల దగ్గరికి వచ్చేవారు. పొద్దున్నే యూనిట్‌కు వెళ్లాలంటే నాకు సంబరంగా ఉండేది. బడులు తెరవకముందే ఆఖరి లోడు వెళ్లింది. లైన్ నిలిచింది.

రిటైరయ్యే ముందు కోరుట్లలో మరో యూనిట్ అప్పగించారు. అక్కడ జెండాలు వెంటనే కట్టలేదు. కొన్నాళ్లు ఊరికే కూర్చుని, ఎవరు ఎవరి మిషన్ దగ్గరికి లేచి వెళ్తున్నారో చూశాను. పని ఎక్కడ ఆగుతోందో దాంతోనే తెలిసిపోయింది.