చంద్రుడి మీద మేం లేపిన గుట్టలు

మూడేళ్ల కిందట, ఆషాఢంలో ఒక సోమవారం నాడు నన్ను చంద్రుడి మీద నియమించారు. మనిషి మరో లోకపు నేలను అంగుళం అంగుళం వెతికి, దాని గాయాలన్నింటినీ గుర్తించిన మహాగాథ ఇది. నిజానికి కాదు. హనుమకొండలో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తు, ఎనిమిది కంప్యూటర్లు, పనిచేయని లిఫ్టు. నా హోదా నాణ్యతా పరిశీలకుడు. అందరూ క్యూసీ అనేవారు. ఇరవై తొమ్మిదేళ్లకే ఈ వృత్తి నుంచి విరమించాను. విరమించాను అన్నది నా మాట. కంపెనీ వాడిన మాట వేరు.

పని ఇదీ. చంద్రుడి చుట్టూ తిరిగే మనుషుల్లేని నౌకలు పైనుంచి తీసిన చిత్రాలు ముక్కలుగా మాకు వచ్చేవి. ముక్కలో కనిపించిన ప్రతి గుండ్రటి ఆకారం చుట్టూ మౌస్‌తో వలయం గీసి, అది గుంతో గుట్టో గుర్తు పెట్టాలి. ఈ గుర్తులు చూసి ఒక సాఫ్ట్‌వేర్ ఆ పని తానే నేర్చుకుంటుంది. అంటే మా కుర్చీలు ఖాళీ చేయించేవాడికి మేమే పలక పట్టి అక్షరాలు దిద్దించాం. నడుమ నడుమ అంగారకుడి చిత్రాలు కూడా వచ్చేవి. ఎర్రగా ఉంటాయని ఆశపడ్డాం. అవీ బూడిద రంగులోనే వచ్చాయి.

ఏడుగురు గీస్తారు, ఎనిమిదో కుర్చీ నాది. ఒక్కొక్కరి చిత్రాల్లోంచి కొన్ని తీసి ఒప్పో తప్పో వేయాలి. ఎవరి స్కోరయినా వరుసగా రెండు వారాలు కంపెనీ పెట్టిన గీత కిందికి పడితే వాళ్ల ఐడీ దానంతటదే మూతపడుతుంది. నా తీర్పు మీద అప్పీలు చేసుకునే వీలుంది. అది కూడా నాకే చేసుకోవాలి.

ఏడుగురిలో స్వరూపక్క పెద్దది, ముప్పై అయిదు దాటిన మనిషి. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. డిగ్రీ చదివి కూడా పదేళ్లు తండ్రి పక్కన మగ్గం మీద కూర్చుంది. మా దగ్గర చేరిన నెలకే తన మగ్గం విప్పించి మేనత్త ఇంటికి ఇచ్చేసింది. ఇక వెనక్కి పోయేది లేదని ఆమె లెక్క. మూడు నెలల పరీక్షాకాలం గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. రెండు నెలలు గడిచాయి. నిదానంగా గీసేది, తప్పులు తక్కువ. ఆమె చిత్రాలు దిద్దేటప్పుడు నాకు కునుకు పట్టేది. క్యూసీ ఇవ్వగలిగిన అతి పెద్ద మెప్పు అదే.

అప్పుడొక బ్యాచ్ వచ్చింది. తెరిస్తే ఎక్కడ చూసినా గుట్టలే. చంద్రుడి మీద గుండ్రటి గుట్టలు అరుదనీ, ఒకటి కనిపించినా చెయ్యెత్తమనీ శిక్షణలో చెప్పారు. ఆ వారం వందలు కనిపించాయి, ఒక్క చెయ్యీ లేవలేదు. ఆరుగురు గుట్టలని గీశారు, నేను ఒప్పు వేసుకుంటూ పోయాను. స్వరూపక్క ఒక్కతే అన్నింటినీ గుంతలని పెట్టింది. వరుసపెట్టి తప్పులు వేశాను. రెండో వారం కూడా అదే బ్యాచ్, ఆమెవి అవే గుంతలు, నావి అవే తప్పులు.

ఆ గురువారం ఆమె నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

“సార్, ఇవి గుట్టలు కావు. ఎండ కిందికెల్లి పడ్తాంది. జర తిప్పి చూడుండ్రి.”

“కిందికెల్లి ఎండ ఎట్ల పడ్తది అక్కా? ఆడ ఎవలన్న టార్చిలైటు పట్టుకొని పండుకున్నరా?”

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగేసరికి, వాదన ఎక్కడ ఆగిందో ఎవరికీ గుర్తు లేదు. నా జోకులకు ఆ గుణం ఉండేది.

ఆమె కదల్లేదు. “మా నాయిన జంపఖానా కోసినంక దర్వాజ కాడ పరుస్తడు సార్. ఎండ ఒక్క దిక్కుకెల్లే పడ్తే, ఉబ్బిన పోగు గుంత లెక్క కొడ్తది. అటుకొసకు పోయి గూడ చూస్తే గని ఎరుక కాదు. రెండు దిక్కుల చూడంది తప్పని అననియ్యడు.”

ప్రతి చిత్రంతోపాటు చిన్న వివరాల ఫైలు ఒకటి వస్తుంది. సూర్యుడు ఏ దిక్కున ఉండగా ఆ చిత్రం తీశారో అందులో రాసి ఉంటుంది. అవసరమైతే చూడాలని మా నిబంధన. అవసరమా కాదా అన్నది తేల్చేది నేను. రేపు చూస్తానన్నాను. ఆమె చెప్పింది నిజమైతే ఆరుగురి రెండు వారాల పనీ, దాని మీద నా ఒప్పులూ గంగలో కలుస్తాయి కాబట్టి దాటవేశానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. అంత దూరం ఆలోచించలేదు. చాయ్ వచ్చింది, లేచాను.

శుక్రవారం సాయంత్రం ఆమె ఐడీ మూతపడింది. పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టి చూసింది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, “పోతాన్న సార్” అంది. “సోమారం కలుద్దాం అక్కా” అన్నాను, అలవాటు కొద్దీ.

మూడు వారాలకు, చిత్రాలు పంపే సంస్థ నుంచి మర్యాదైన ఉత్తరం వచ్చింది. ఆ ప్రాంతంలో ఇన్ని గుట్టలు ఉన్నట్టు ఇంతవరకు ఎవరికీ తెలియదనీ, నిజమైతే తమకూ సంతోషమేననీ, ఒకసారి సరిచూడమనీ దాని సారాంశం. వివరాల ఫైలు తెరిచాను. చిత్రంలో వెలుగు కింది అంచు వైపు నుంచి పడుతోంది. నౌక అప్పుడప్పుడు తన దిక్కు మార్చుకుంటుంది. అప్పుడు తీసినవి తలకిందులుగా వస్తాయి. వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన కంటికి పుట్టుకతో ఒక నమ్మకం. చిత్రాన్ని తిప్పాను. గుట్టలన్నీ చప్పుడు చేయకుండా లోపలికి కుంగిపోయాయి.

హైదరాబాదులోని టీం లీడర్‌కు తప్పు నాదని రాశాను. మూసిన ఐడీకి స్కోరు దిద్దే వీలు సిస్టంలో లేదని జవాబు. ఖాళీ వస్తే ఆమె కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పరీక్షాకాలం మళ్లీ మొదటి రోజు నుంచి. ఖాళీ లేదు. ఆమె కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

ఆదివారం కొత్తవాడ వెళ్లాను. స్వరూపక్క మేనత్త ఇంట్లో మగ్గం మీద ఉంది. తన మగ్గమే, ఇప్పుడు వాళ్లది. నన్ను చూసి కూడా చేయి ఆపలేదు.

“తిప్పి చూసినవా తమ్మీ?”

ఆ ‘సార్’ ఆఫీసులోనే మిగిలిపోయాడు. “చూసిన అక్కా. గుంతలే.”

“నాకెరుకే” అంది.

నూలు ఇచ్చిపోదామని వచ్చిన వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విషయమేమిటని అడిగాడు. చెప్పాను. “చంద్రుని మీద గుంతలుంటేంది, గుట్టలుంటేంది బిడ్డా, మనం దున్నేదున్నదా?” అన్నాడు.

“దున్నేది లేదు గని నాయినా, నా కొలువు ఆణ్నే ఉండె” అంది స్వరూపక్క, అదే గొంతుతో.

జవాబుగా నా దగ్గర ఒక జోకు ఉంది. వేయలేదు. చాయ్ ఇచ్చారు, తాగి వచ్చాను.

మరుసటి ఏడు సాఫ్ట్‌వేర్ పని నేర్చేసుకుంది. గీసే ఏడుగురినీ, నన్నూ ఒకే ఈమెయిలుతో పంపేశారు. అందులో నా పేరు తప్పు రాశారు, అప్పీలు చేసుకోలేదు. అలా ఏర్పడిన ఎనిమిది ఖాళీల కోసం స్వరూపక్క దరఖాస్తు పెట్టలేదని మాత్రం తెలుసు.

ఈ వృత్తిలో నేను నేర్చింది ఒక్కటే. ఆరుగురు ఒకటి చెప్పి ఒకరు ఇంకోటి చెప్పినప్పుడు, తప్పు వేసే ముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూడాలి. జంపఖానా నేసేవాళ్లకు ఇది ముందే తెలుసు. నాకు చెప్పారు కూడా.

చిత్రాన్ని తిప్పడానికి కీబోర్డు మీద ఆర్ అక్షరం నొక్కితే చాలు. రెండుసార్లు నొక్కాలి, ఒకసారి నొక్కితే పక్కకు మాత్రమే తిరుగుతుంది.