బావిలో పడ్డ బొక్కెన

నా చిన్నప్పుడు ఇంట్లోకి నీళ్లు ఎట్లా వస్తాయో నాకు పట్టేది కాదు. మోతె దగ్గర మా ఊళ్లో జీతగాడు పొద్దున్నే కావడితో తెచ్చి గోలెం నింపి పోయేవాడు. నేను సెలవులకు మాత్రమే ఊరికి వచ్చేదాన్ని. ఆడపిల్లనైనా మా నాన్న పట్టుబట్టి నన్ను సూర్యాపేటలో మా మేనమామ ఇంట్లో ఉంచి బడికి పంపేవాడు. ఎవరైనా చుట్టాలొస్తే చాలు, నన్ను పిలిచి ఉర్దూలో ఎక్కాలు, తెలుగులో పద్యాలు చెప్పించేవాడు. వాళ్లు మెచ్చుకుంటే ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు.

నిజాం రాజ్యం ఇంకా పోని రోజులవి. ఊళ్ల మీద పడే దాడులకు జనం పల్లెల్లో ఉండాలంటేనే భయపడుతున్నారు. బడి మూతబడితే నేనూ ఊరికి వచ్చేశాను. ఒకనాడు మా నాన్న పసిగుడ్డుతో ఉన్న అమ్మనూ నన్నూ బండెక్కించి కోదాడలో మా మేనత్త ఇంట్లో దించాడు. గొడ్లను, ముసలి నాయనమ్మను వదల్లేక ఆయన మళ్లీ ఊరికే వెళ్లిపోయాడు. మేనత్తకు మేమంటే ప్రేమే. కానీ ఆమెదీ అంతంత మాత్రపు సంసారం. మేము తినే ప్రతి ముద్దా ఆమె మీద బరువేనని నాకు ఆ వయసులోనే తెలుస్తుండేది.

ఒకరోజు మేనత్త ఎవరో దగ్గరి బంధువు పోయారని మిర్యాలగూడ వెళ్లింది. అమ్మకు జ్వరం. చంటివాడు ఏడుస్తున్నాడు. వాడి గుడ్డలు ఉతకడానికి కూడా ఇంట్లో నీళ్లు లేవు. నేను తెస్తానని బిందె, బొక్కెన, చేంతాడు తీసుకుని బయల్దేరాను. వాడకట్టు బావి మా ఇంటి ఎదురుగానే ఉండేది. అమ్మ అరుగు మీదే పడుకుని ఉంది, అక్కడికి బావి దగ్గరి మాటలన్నీ వినబడేవి.

బావి చుట్టూ ఆడవాళ్లు నిండా ఉన్నారు. నేను పలకల సంచికి వేసే ముడి లాంటిదే చేంతాటికి వేసి బొక్కెన వదిలాను. అది మునిగింది, నిండింది, నేను లాగాను. సగం దూరం రాగానే చేతిలో బరువు ఒక్కసారిగా మాయమైంది. వెనక్కి తూలి పడబోయాను. కింద దభేలుమని చప్పుడు. తాడు కొస మాత్రం ఊగుతూ పైకి వచ్చింది.

ముందు ఒకామె నవ్వింది. ఆమె వెనకే అందరూ నవ్వారు.

"సూర్యాపేటల సదువుతదట గదా ఈ పిల్ల?"

"సదువు సంగతి తియ్యి. తల్లన్నా నేర్పొద్దా? ఆడపిల్లకు బొక్కెన కట్టుడు గూడ రాదంటే ఎట్ల?"

నా చెవులు మండిపోయాయి. ఆ వేడి నాకిప్పటికీ గుర్తు. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చేసరికి అమ్మ నన్నేమీ అడగలేదు. అడిగినా, తిట్టినా బాగుండేది. చంటివాణ్ణి దగ్గరకు లాక్కుని గోడ వైపు తిరిగింది. నవ్వింది నన్ను చూసి, తగిలింది మా అమ్మకు. పరాయి ఊళ్లో, జ్వరంతో, ఒకరి ఇంట్లో తలదాచుకున్న మనిషికి నా వల్ల ఆ మాట కూడా పడింది. తలుపు మూలన కూర్చుని మోకాళ్లలో ముఖం దాచుకున్నాను.

ఎండ నెత్తి మీదికి వచ్చి వాడకట్టు సద్దుమణిగాక పక్కింటి అక్క వచ్చింది. పొద్దున బావి దగ్గర ఆమె కూడా ఉంది. నవ్విందో లేదో నేను చూడలేదు. చేతిలో పాతాళగరిగె ఉంది. బావిలో పడ్డవాటిని తీసే ఇనుప కొక్కేల గుత్తి అది.

"దా బిడ్డా, నాకు జర తోడు రా," అంది. పొద్దున జరిగిన సంగతే ఎత్తలేదు.

బావి దగ్గర ఎవరూ లేరు. ఆమె ముందు నాతో పాతాళగరిగెకు తాడు ముడి వేయించింది. రెండో కొస తాను పట్టుకుని లాగింది. ఊడిపోయింది. "బరువు పడ్డకొద్ది బిగుసుకోవాలమ్మా ముడి. నీది బరువు పడంగనే ఇడిసిపెడ్తుంది," అని నా వేళ్లను తన వేళ్లతో పట్టుకుని తాడును చుట్టించి, కిందినుంచి దూర్చి, బిగించింది. మళ్లీ విప్పించింది, మళ్లీ వేయించింది. ఇద్దరం చెరో వైపు లాగితే ముడి రాయిలా నిలిచేదాకా వదల్లేదు. తర్వాత పాతాళగరిగెను కిందికి వదలమంది. నేను వంగి నీళ్లలోకి చూడబోతే వెనక్కి లాగింది.

"కండ్లతోటి ఏం సూస్తవు, చీకటే గదా. చేతులతోటి సూడు."

కళ్లు మూసుకున్నాను. కొక్కెం అడుగున రాయిని తాకడం, బురదలో ఈడ్చుకుపోవడం, చివరికి దేన్నో పట్టుకోవడం తాడు గుండా నా అరచేతుల్లోకి వచ్చింది. బొక్కెన బురదతో పైకి వచ్చినప్పుడు నేను ఏడ్చాను. ఆమె దాన్ని కడిగి, నీళ్లు తోడించి, బిందె నా నడుముకెత్తి పంపించింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర మళ్లీ గుంపు. నేను గడప దాటలేదు. ఇంతలో దభేలుమని చప్పుడు, వెంటనే అక్క గొంతు: "అయ్యో, నా బొక్కెన పాయె!" ఆడవాళ్లు ఆమెను ఆడిపోసుకున్నారు. ఇన్నేళ్లు నీళ్లు తోడి ఇదేం పని, ధ్యాస ఎటు పోయింది అని. ఆమె తల వంచుకుని అన్నీ పడింది. ఆ తర్వాత మా ఇంటి వైపు తిరిగి కేకేసింది. "బిడ్డా, జర వచ్చి తీసిపెట్టవా? నాకు చేతనైతలేదు."

వెళ్లాను. అందరూ చూస్తుండగా పాతాళగరిగెకు ముడి వేశాను, వదిలాను, కళ్లు మూసుకుని వెతికాను. బొక్కెన పైకి వస్తుంటే నిన్న మొదట నవ్వినామే ముందుకొచ్చి గట్టు మీద దాన్ని అందుకుంది. మా అరుగు వైపు చూసి, "నీ బిడ్డ చేతిల పనుందమ్మా," అంది. అమ్మ లేచి కూర్చుని ఉంది.

ఆ పూట నేను గర్వంతో ఉబ్బిపోయాను. అక్క చేయి నిజంగానే జారిందనుకున్నాను. చాలా ఏళ్లకు, నా మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది. ఆ పొద్దున అక్క బావికి పోయే ముందు మా అరుగు దగ్గర ఆగి, "వదినె, ఇయ్యాల జర లేచి కూసుని బాయి దిక్కు సూడు," అని చెప్పి పోయిందట.

అది విన్నాక సిగ్గుతో నా చెవులు మళ్లీ మండాయి. మొదటిరోజు నా మీద పడిన నవ్వును ఆమె కావాలని తన మీదికి తెచ్చుకుంది. నేనేమో అదంతా నా గొప్పే అనుకుని తిరిగాను.

తర్వాత నా చేతి కింద ఎందరో పని నేర్చుకున్నారు. కోడళ్లు, మనుమరాళ్లు, పక్కవాళ్ల పిల్లలు. ఎవరి చేతిలోనైనా ఏదైనా జారితే నాకు ముందు ఆ వస్తువు వైపు చూపు పోదు. చుట్టూ ఎవరెవరున్నారో చూస్తాను. ఎవరైనా ఉంటే వాళ్లను ఏదో పని మీద పంపించేసి, ఆ తర్వాతే ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.