మొదటి వరుసలో ఏం రాయాలి

మా డెస్క్ మేడమ్ పోయారన్న కబురు పొద్దున్నే డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మర్నాటి షిఫ్టులు, బండి కాగితాల గడువు, మధ్యలో మేడమ్, చివర దండం బొమ్మలు. అన్నీ ఒకే ముద్ద. మొదట మేడమ్ సెలవు పెట్టారేమో అనుకున్నాను. నాలుగోసారి చదివాక తెలిసింది.

నానక్‌రామ్‌గూడలో ఐటీ ఆఫీసుల వాళ్ళను తిప్పే క్యాబులు మావి. ఏ బండి ఎక్కడికి పోవాలో ఆవిడే చెప్పేవారు. నేను తొమ్మిదిలోనే బడి మానేసినవాణ్ణి. అందరూ నన్ను "రేయ్" అంటే, ఆవిడ ఒక్కరే "అండీ" అనేవారు. మొదట్లో వెక్కిరిస్తున్నారనుకున్నాను.

ఒకరోజు వానలో ఒక సారు అరగంట తప్పు గేటు దగ్గర నిలబడ్డాడు. మేడమ్ నన్ను పిలిచి, ఆయనకు నేను పంపిన మెసేజ్ పైకి చదివారు. నేను ఎక్కడా చుక్క పెట్టలేదు కాబట్టి ఆవిడా ఆగలేదు. ఊపిరాడక దగ్గారు.

"గేటు నంబరేదండీ?"

"ఆఖర్ల ఉంది మేడమ్. ముందుగాల నమస్తే, ట్రాఫిక్ సంగతి, సారీ..."

"ఫోను జేబులోంచి తీయగానే పైన రెండు వరుసలే కనిపిస్తాయండీ. అందులో మీ నమస్తే ఉంది. గేటు లేదు."

"నమస్తే పెట్టకుంటే బలుపనుకుంటరు మేడమ్."

"వానలో నిలబెట్టడం మర్యాదా అండీ?"



ఆ రోజు నుంచి పంపే ముందు ఆవిడకు చూపించేవాణ్ణి. "ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఫోను. ఆ మనిషికి రాయండి" అనేవారు. చదువుకున్నోళ్ళే కదా, చదువుకుంటరు అని నేనంటే, "చదువుంటుందండీ, ఓపికుండదు" అని నవ్వేవారు.

ఇప్పుడు గ్రూపులో అందరూ పరేషాన్. ఎక్కడికి రావాలి, ఎప్పటిదాకా ఉంచుతారు? ఆలస్యమైతే చివరి చూపు దక్కదు. మా తోటి డ్రైవరన్న ఆవిడ ఇంటికి ఫోన్ చేసి అంతా కనుక్కున్నాడు.

"నువ్వే రాయి రా తమ్మీ. నీకే గదా నేర్పింది."

ముఖ్యమైనది ముందు రాయాలి. అంటే ఆవిడ లేరని ముందు రాయాలి. పైన నమస్తే పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను. ఎవరికి చూపించాలో తోచలేదు. తీసేసి పంపాను.

"మేడమ్ చనిపోయారు.
ప్రగతి నగర్ కాలనీ, చెరువు వైపు గేటు.
పన్నెండింటి దాకా ఉంచుతారు."

రాసింది సరిగ్గా ఉందో, మొరటుగా ఉందో నాకు తెలియదు. దారి అడుగుతూ ఒక్క ఫోనూ రాలేదు. పదకొండుకల్లా చెరువు పక్కన మా తెల్ల బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. అందరూ దిగి లోపలికి వెళ్ళారు. ఇండికేటర్లు ఆపడం ఎవరికీ గుర్తు లేదు. ఖాళీ బండ్లు ఎండలో అలాగే వెలిగి ఆరుతూ ఉన్నాయి.