వెండి రంగు వేసిన పాత పైపు

ఒక్క మాట నలభై ఏళ్లకు పైగా నా గొంతులో అడ్డం పడి ఉంది. పెద్ద మాటేం కాదు. "మీ బండిల ఏం లేదు సార్." అంతే. ఆ మాట అన్నప్పుడు నా ముఖం మీద నవ్వు కూడా ఉంది. ఆ మాట వల్ల ఒక ఆడమనిషి చచ్చిపోయింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉస్మాన్‌గంజ్ వెనక సందులో నాకు సైలెన్సర్ల దుకాణం ఉండేది. కార్లకు పొగగొట్టాలు తయారుచేసి బిగించడం పని. కంపెనీ సరుకు దొరికినా సరే, నా చేతి సైలెన్సరే గట్టిదని జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. విద్య బాగా వచ్చు. వచ్చని పదిమందీ అనుకోవాలన్న యావ అంతకన్నా ఎక్కువ.

డెబ్బైల చివర్లో, ఒక వానాకాలం, ఆయన వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. బహదూర్‌పురాలో అద్దెకు ఉండేవాడు. మూడు చేతులు మారిన కారు కొనుక్కున్నాడు, దాని పొగగొట్టం మొత్తం తుప్పు పట్టి ఉంది. స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా అన్నీ అడిగాడు. ఏ రేకు మంచిది, తుప్పు రాకుండా ఏం చేయాలి? నేనూ ఓపిగ్గా చెప్పాను. తుప్పు బయటికన్నా లోపలి నుంచే తినేస్తుందని, పొగతో పాటు నీరు కూడా వస్తుందని, ఇంటి నుంచి ఆఫీసుకే తిరిగే బండిలో ఆ నీరు ఆరదని. అందుకే మందపాటి రేకు వేసి, అడుగున నీరు కారిపోయేందుకు సన్నటి రంధ్రం పెడతానని. పైన మామూలు రంగు వేడికి మాడిపోతుంది కాబట్టి వైరు బ్రష్షుతో తెల్లగా గీకి అల్యూమినియం రంగు వేస్తానని. ఒక్క ముక్క అబద్ధం లేదు. అన్నీ తెలిసినవాడినే.

సైలెన్సరు బాగా చేశాను. వెనక పైపూ బాగా చేశాను. ఇబ్బంది ముందు పైపుతో, అంటే ఇంజను నుంచి బండి కింద పొడుగునా సైలెన్సరు దాకా వచ్చే పైపుతో వచ్చింది. దాన్ని రెండు చోట్ల వంచాలి. వంచేటప్పుడు నలగకుండా లోపల ఇసుక కూరి కాలుస్తాం. ఆ ఇసుక పొడిగా ఉండాలి, తడిది కాలిస్తే పైపు పేలుతుంది. వారం రోజులుగా ముసురు. నా ఇసుకంతా తడిసిపోయింది. ఆరబెట్టుకోవాలి, రెండు రోజులు ఆగమంటే ఆయన ఆగేవాడే. కానీ శుక్రవారం మధ్యాహ్నానికి బండి ఇస్తానని సందులో అందరి ముందూ గొప్పగా చెప్పి ఉన్నాను. మాట పోతుందనిపించింది.

పాత ముందు పైపునే ఉంచాను. సుత్తితో తడితే మొద్దుగా మోగింది, అంటే లోపల రేకు సగం పోయినట్టు. ఒకచోట చిల్లి ఉంది. దాని మీద రేకు ముక్క అతికి, గీకి, వెండిలా మెరిసేట్టు రంగు పూశాను.

అంతటితో ఆగితే బద్ధకం అనుకోవచ్చునేమో. ఆ రోజుల్లో సామాను మారిస్తే పాత సామాను గోనె సంచిలో చుట్టి బండి యజమాని చేతికి ఇవ్వాలి. మార్చామనడానికి అదే సాక్ష్యం. ఆయనకు ఏం ఇవ్వాలి? పాత ఇనుము గుట్టలో ఇంకెవరి బండిదో పైపు ఒకటి లాగి, ఆయన పాత సైలెన్సరుతో కలిపి చుట్టి ఇచ్చాను. ఆయన దాని తుప్పు చూసి, "అమ్మో, దీంతోనా ఇన్నాళ్లూ తిరిగాం!" అని నాకు చెయ్యి కలిపాడు.

మూడు వారాలకు మళ్లీ వచ్చాడు, భార్యతో.

"పొగ లోపలికి గానీ వస్తోందా చూడవయ్యా. వెనక సీట్లో కూర్చుంటే చాలు, మా ఆవిడ తలనొప్పి, కడుపులో తిప్పడం అంటోంది."

ఆమె నా వైపు చూసి అంది: "దిగి కాస్త గాలి తగిలితే పోతుందన్నయ్యా. ఇంట్లో ఎప్పుడూ రాదు."

ఆ ఒక్క మాట చాలు. ఏం జరుగుతోందో నాకు అక్కడే అర్థమైంది. బండి కిందికి దూరి చూస్తే పది నిమిషాల పని. కానీ చూస్తే పైపు మార్చాలి, మారిస్తే ఇంటికి పంపిన ఆ పైపు ఎవరిదో చెప్పాలి.

"మీ బండిల ఏం లేదు సార్. పైపు మార్చిన, పాతది మీ చేతికే ఇచ్చిన గద. అక్కకు బండి పడ్తలేదు, గంతే. నిమ్మకాయ వాసన చూస్కోమనుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "విన్నావా? వంకలు పెట్టకు ఇక."

ఆమె వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

నెల తిరక్కుండానే ఆయన ఒక్కడే వచ్చాడు. ఏదో ఊరు వెళ్తుంటే దారిలో వాగు పొంగి రోడ్డు ఆగిపోయిందట. బండి ఆపితే మళ్లీ స్టార్టు కాదని ఇంజను ఆడుతూనే ఉంచి, గొడుగు వేసుకుని నీళ్లు చూడటానికి దిగాడట. వాన కదా, ఆమె అద్దాలన్నీ ఎత్తి వెనక పడుకుందట. గంట తర్వాత వచ్చి లేపితే లేవలేదు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. "తలనొప్పి అన్నప్పుడే డాక్టరుకు చూపించాల్సింది. నేను వంకలన్నాను. ఆ రోజు పొద్దున కూడా అన్నాను," అన్నాడు. బండి అమ్మేస్తున్నాడట. చప్పుడు ఎక్కువైంది, సరిచేయమన్నాడు.

బండి కిందికి దూరాను. నేను అతికిన ముక్క ఊడిపోయి ఉంది. చిల్లి పెద్దదైంది. దానికి పైన, వెనక సీటు కింది రేకు నల్లగా మసిపట్టి ఉంది, అందులోని రంధ్రం మూసే రబ్బరు బిరడా కరిగిపోయింది. అక్కడే, వీపు తడి నేలకు ఆనించి, ఎంతసేపు పడుకుండిపోయానో తెలియదు. చెప్పేయాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానా? కొత్త పైపు బిగించాను. ఈసారి ఇసుక పొడిగానే ఉంది. పాతది ఆయనకు ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

నిజంగా పొగ వల్లేనా, గుండె జబ్బే అయి ఉండకూడదా అని నా తరఫున నేనే ఎన్నిసార్లు వాదించుకున్నానో. ప్రతిసారీ ఆ మసి కనిపించి నోరు మూయిస్తుంది.

ఆయనకు మళ్లీ బదిలీ అయిందని విన్నాను. ఎక్కడికని అడగలేదు. ఎన్నడూ వెతకలేదు. వెతికితే దొరుకుతాడేమోనని భయం. బతికే ఉంటే, భార్య జబ్బును వంకలన్నానని ఈ పాటికీ కుమిలిపోతూనే ఉంటాడు. నా పాపాన్ని ఆయన మోస్తున్నాడు.

రాసేశాక గుండె తేలికపడింది. అందుకు సిగ్గుగా ఉంది. ఇది మీకు కాదు, ఆయనకు చెప్పాల్సిన మాట.

ఆమె వంకలు పెట్టలేదు సార్. ఆమె చెప్పింది నిజం. అబద్ధం నేను చెప్పాను.