బెన్నెల పాట

మా మావయ్యకు ఒకే ఒక్క పాట వచ్చు, అదీ సగమే. ఆయన అమ్మకు తమ్ముడు. సైన్యంలో టెలిఫోన్ లైన్లు చూసే పని చేసి, తిరిగొచ్చాక ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. పెళ్లి చేసుకోలేదు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, మా క్వార్టర్‌లోనే ఉండేవాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఓ పాత తెలుగు సినిమా పాట ఎత్తుకునేవాడు. చరణంలో ‘వెన్నెల’ అనే మాట ఉంటుంది. దాన్ని ‘బెన్నెల’ అని, అక్కడితో ఆపేసేవాడు. మిగతాది మరిచిపోయాడనుకునేవాళ్లం. అలా ఎందుకంటావని నేను చిన్నప్పుడు ఒకసారి అడిగాను. “అదంతేనే” అన్నాడు. వినీ వినీ నాకూ ఆ పాట అలాగే పట్టుబడింది.

నేను పనిచేసే బడిలో ఒక బెంగాలీ టీచరు ఉండేవారు. అందరికీ దీదీ. ఆవిడ రిటైరయ్యే ఏడాది, ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దుతూ నేను ఆ పాట కూనిరాగం తీశాను. దీదీ తలెత్తి చూశారు. ఇంకోసారి పాడమన్నారు. పాడాను. ఇది తన తమ్ముడి పాట అన్నారు. చిన్నప్పుడు అతను తెలుగువాళ్ల పెళ్లిళ్లలో మైకులోంచి వచ్చే పాటలు అర్థం తెలియకుండానే నేర్చుకునేవాడట. బెంగాలీ నోటికి ‘వ’ తిరగక ‘బెన్నెల’ అనేవాడట. పెద్దయ్యాక సైన్యంలో చేరాడు. కొండల మీద జరిగిన యుద్ధంలో పోయాడు. నీకెవరు నేర్పారని అడిగితే మా మావయ్య అని చెప్పాను.

ఆ ఆదివారం దీదీ మా ఇంటికి వచ్చారు. నేను మావయ్యకు ముందుగా ఏమీ చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక. ఆవిడ తమ్ముడి పేరు చెప్పగానే ఆయన కూర్చున్న చోటునుంచి లేచి, ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా బెంగాలీలో చెప్పడం మొదలుపెట్టాడు. మాకెవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి అది.

దీదీ తమ్ముడిదీ తనదీ ఖరగ్‌పూరే అని ఆ కొండల మీదికి వెళ్లాకే తెలిసిందట. అతను పైన శిఖరం దగ్గరి పోస్టులో, మావయ్య కింద పోస్టులో. మధ్యలో రాళ్ల మీదుగా పరిచిన ఫోను తీగ. సందె వేళ లైను సరిగా ఉందో లేదో చూడడానికి అన్ని పోస్టులవాళ్లూ ఫోనెత్తేవాళ్లు. అప్పుడు అతను పాడేవాడు. తెలుగు తెలిసినవాడు మావయ్య ఒక్కడే. అయినా పంజాబీలు, గఢ్‌వాలీలు కూడా ‘బెన్నెల’ పాట పాడమని అడిగేవాళ్లు. దాని అర్థమేమిటని అతను మావయ్యను చాలాసార్లు అడిగాడు. అది అలిగిన పిల్లను బతిమాలే చిలిపి పాట. కిందికి దిగాక చెప్తాలే అని మావయ్య ఊరించేవాడు.

ఒకరోజు పాట మధ్యలో ఆగిపోయింది. కొండ మీద గుండ్లు పడుతున్నాయి. తీగ తెగి ఉంటుందనుకుని మావయ్య బాగుచేయడానికి బయల్దేరాడు.

ఇంతవరకు చెప్పి ఆయన అమ్మ వైపు తిరిగాడు. అక్కడినుంచి తెలుగులోకి వచ్చేశాడు.

“తీగ సేత్తో పట్టుకుని పైదాకా ఎక్కినానప్పా. ఎక్కడా తెగనేదు.”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఏమన్నాడని దీదీ నన్నడిగారు. బెంగాలీలో చెప్పాను. ఆవిడ, పాట ఎక్కడ ఆగింది అని అడిగారు.

మావయ్య పాడి చూపించాడు. ‘బెన్నెల’ దగ్గర ఆపాడు. ఇన్నేళ్లూ నేను నవ్వుకుంటూ పాడిన చోటు అదే.

పాటకు అర్థం తెలిశాక మాత్రం దీదీ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే. అమ్మ మీద పాట అనుకున్నారట ఇన్నాళ్లూ. ఇంత దగ్గరలో ఉండి ఒక్కసారైనా ఎందుకు రాలేదని మావయ్యను అడిగారు. సెలవు మీద వచ్చినప్పుడు సుభాష్‌పల్లిలో వాళ్ల సందు మొదటిదాకా వచ్చి తిరిగిపోయానని చెప్పాడు. చివర్న ఏం జరిగిందని వాళ్లమ్మ అడిగితే, పాట సగంలో ఆగిందని చెప్పాల్సి వస్తుందని భయమేసిందట. అమ్మ ఇప్పుడు లేదులే, రా, అన్నారు దీదీ.

తర్వాతి వారం నేనే తీసుకెళ్లాను. హాల్లో గోడ మీద యూనిఫాంలో ఉన్న కుర్రాడి ఫొటో, దానికి గంధపు దండ. మావయ్య దాని ముందు నిలబడి వెతుకుతున్నట్టు చూశాడు. దీదీ టీ తెచ్చారు. ఆయన తాగలేదు.

తిరిగి బ్యాటరీ రిక్షాలో, అదే టోటోలో, బయల్దేరాం. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి వెళ్తుంటే ఆగాం.

“ఆ ఫొటోలో ఉన్నోడు ఎవుడో నాకు తెలీదే” అన్నాడు. “అక్కడ అందరికీ గెడ్డాలు, టోపీలు. ఎక్కువగా నేనిన్నది గొంతుకే. ముఖం ఎప్పుడు పోనాదో పోనాది.”

ఫొటో చూస్తే గుర్తొస్తుందిలే అని నేనేదో అన్నాను.

ఇప్పటికీ ఆదివారాలు సుభాష్‌పల్లి వెళ్తూనే ఉన్నాడు. దీదీకి బజారు సామాన్లు తెచ్చిపెడతాడు, ఫ్యాను బాగుచేస్తాడు. ఫొటోకు వీపు పెట్టి కూర్చుంటాడని దీదీ నాతో చెప్పారు. ఒకసారి ఆవిడ ఆయన కుర్చీని ఫొటో వైపు తిప్పి పెట్టారట. ఆయన మళ్లీ ఇటు తిప్పుకున్నాడట.