నిలంతి ఆగిన రెండేళ్లు

మా మరదలు నిలంతిని నోట్లో నాలుక లేని మనిషని మిర్యాలగూడలో అందరూ అనుకునేవారు. అనుకోనివ్వండి. ఆ నాలుక ఎంత పదునో నాకు తెలుసు. ఇప్పుడు నా మొగుడికీ తెలుసు.

ఆమెది శ్రీలంక. మా తమ్ముడు ఏసుబాబు కువైట్‌లో డ్రైవరుగా చేసిన ఇంట్లోనే ఆమె వంటమనిషి. కేకులు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇద్దరూ ఇష్టపడి, ఇక్కడికి వచ్చేసి, కోదాడ చర్చిలో పెళ్లి చేసుకున్నారు. మా ఆయన సురేందర్‌కు మిర్యాలగూడలో బేకరీ ఉంది. నిలంతి చేసిన పెళ్లి కేకు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, "బామ్మర్దీ, మీరిద్దరు మా మేడమీదనే ఉండుండ్రి" అన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పరాయి దేశం నుంచి భార్యగా వచ్చినవాళ్ల వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పెళ్లిని సర్కారు ఆఫీసులో రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత రెండేళ్లు నిండితే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కార్డు వస్తే మనలాగే పని చేసుకోవచ్చు. నిలంతికి కావలసింది అదొక్కటే. కువైట్‌లో దాచుకున్న డబ్బుతో కోదాడలో తన సొంత బేకరీ పెట్టుకోవాలని ఆమె ఆశ. మా వాళ్లకేమో పాస్టరుగారు ప్రార్థన చేసి చర్చి పుస్తకంలో సంతకాలు పెట్టిస్తే పెళ్లి అయిపోయినట్టే. ఆఫీసు సంగతి ఎవరికి పడుతుంది? "గా కాయితాలు నేను సూసుకుంట" అని మా ఆయన అందరి సంతకాలూ తీసుకుని వెళ్లాడు. మా తమ్ముడు బావ మాటను బైబిలు వాక్యంలా నమ్మేవాడు.

మర్నాటి నుంచే నిలంతి బేకరీలో చాకిరీకి దిగింది. జీతమా? "జీతమిస్తే కేసయితది చెల్లె. ఇంటి మనిషివి, జర సాయం చెయ్" అనేవాడు. ఒకరోజు జ్వరం వచ్చి రాలేనంటే, "పోలీసోళ్లకు ఒక్క ఫోన్ కొడితే విమానం ఎక్కిస్తరు, ఎరికేనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ముదనష్టపు మనిషి.

రెండేళ్లు నిండాయి. సర్టిఫికెట్ ఏదని అడిగితే, "ఆఫీసోళ్లు ఇంకా ఇయ్యలే" అన్నాడు. ఆ వారమే గ్యాసు బుక్కు కోసం బీరువా వెతుకుతుంటే బట్టల కింద ఆ కాగితాలు దొరికాయి. పెట్టిన సంతకాలు పెట్టినట్టే ఉన్నాయి. అసలు ఆఫీసు గడపే తొక్కలేదు! నిలదీశాను.

"కార్డొస్తే గా పిల్ల మనకాడ ఉంటదా? గసొంటి చెయ్యి మల్ల యాడ దొరుకుతది? నోరు మూసుకో."

మొగుడు మూసుకోమంటే పెళ్లాం మూసుకుంటుందని ఆయన ధీమా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మేడమీదికి వెళ్లి అంతా చెప్పేశాను. నిలంతి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "వదినా, ఏమీ అనొద్దు. అన్నకు తెల్వనియ్యొద్దు" అంది.

కోదాడ ఆఫీసులో మా ఆయనకు తెలిసినవాళ్లున్నారు. మా తమ్ముడి ఆధార్ మాత్రం మా అమ్మ ముత్తమ్మ ఉండే సూర్యాపేట అడ్రసుతో ఉంది. అందుకని మా తమ్ముడిని వెంటబెట్టుకుని, ఇంకెవరికీ చెప్పకుండా సూర్యాపేట వెళ్లి అర్జీ పెట్టించాం. వీళ్ల పెళ్లి నోటీసు నెల రోజులు ఆ ఆఫీసు గోడ మీద ఉంది. ఆ నెలంతా మా ఆయన సూర్యాపేట పేరు ఎత్తితే చాలు, నేను మాట మార్చేసేదాన్ని. చివరికి రిజిస్టర్ అయింది. ఆ రోజు నుంచి మళ్లీ రెండేళ్లు ఆగాలి.

ఆ రెండేళ్లూ నిలంతి మా ఆయనను ములగచెట్టు ఎక్కించింది. "నేనుండంగ మాస్టర్లెందుకన్నా?" అంటే కేకులు చేసే పాత మాస్టర్లిద్దరినీ పంపేశాడు. "సాగర్‌ల ఇంకో షాపు పెట్టన్నా" అంటే పెట్టాడు. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ క్రిస్మస్ కేకులు తానే ఇస్తానని పాస్టర్లకు మాటిచ్చాడు. అన్నిటికీ దిక్కు ఆమె చేతులే. ఆయన ఎంత పైకెక్కితే నాకంత హాయి. పాపం అనిపించలేదా అంటారేమో. అనిపించలేదు.

దరఖాస్తు పెట్టిన కొన్ని నెలలకు, డిసెంబరు మొదట్లో కార్డు వచ్చింది. నిలంతి ఇరవయ్యో తేదీ దాకా ఆగింది. ఆ పొద్దున ఓవెన్లు వేడెక్కాయి, మైదా బస్తాలు దిగాయి. ఆమె యాప్రాన్ విప్పి, మడిచి బల్లమీద పెట్టింది.

"ఇగ నేను రానన్నా. కోదాడల నా షాపు రేపు తెరుస్తున్న."

మా ఆయన నవ్వాడు. "పోలీసోళ్లకు ఫోన్ కొట్టాల్నా?"

"కొట్టు." నిలంతి కార్డు తీసి చూపించింది. "నాలుగేండ్లు ఎవరికాడ చేసినవని అడుగుతరు. నీ పేరు చెప్త."

ఆయన మొహం మాడిపోయింది. బస్తాల వైపు చూశాడు, ఓవెన్ల వైపు చూశాడు, చివరికి నా మీదికి తిరిగాడు.

"పెండ్లి రిజిస్టరే కాలే గదా! కార్డెట్లొచ్చింది? ఎవరు చేసిండ్రు గీ పని?"

"సూర్యాపేటల చేపిచ్చినం," అన్నాను. "మొదటి సాక్షి సంతకం నాదే."